రెండో కార్డు

చదివే వాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తు ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెడుతుంటాను. పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. మధ్యలో ఆగితే, రాసిందంతా మొదటి నుంచీ చదువుకుంటే గానీ ముందుకు కదలలేను. తప్పులు రెహానా గారు దిద్దారు. మాట మాత్రం ఒక్కటీ మార్చనివ్వలేదు.

మాది పలాస. జీడిపిక్కల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు పిక్కలు కొట్టాను. మా ఆయన దానేసు కరెంటు లైన్‌మన్. యాభై ఆరో ఏట, గాలివాన వెలిసాక తెగిన తీగ కడుతుంటే స్తంభం మీదే షాక్ కొట్టింది. మనిషి బతికాడు. నడక, మాట, చదువు, పాత సంగతులు అన్నీ ఉన్నాయి. కొత్తది మాత్రం నిలవలేదు. పావుగంట దాటితే పోయేది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఒలే పున్నీ, ఆకలేస్తంది, వండినావేటి?" అనేవాడు.

షాక్ కొట్టిన ఐదో నెలలో మా ఒక్కగానొక్క కూతురు ఝాన్సీ బరంపురంలో కాన్పులో పోయింది. పుట్టిన ఆడపిల్ల బతికింది. కబురు రాగానే ఆయనకు చెప్పాను. నేల మీద పడి ఏడ్చాడు. పావుగంటకు లేచి, కళ్ళెందుకు తడిగా ఉన్నాయో తెలియక తువ్వాలుతో తుడుచుకుని, "ఝాన్సీకి నెలలు నిండినాయి గదా, కబురేటైనా వచ్చినాదా?" అని అడిగాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ పడ్డాడు. అలా ఆ పూట ఏడుసార్లు. ఎనిమిదోసారి అడిగినప్పుడు, "కాన్పయిపోనాది మావా, తల్లీ పిల్లా బాగున్నారు" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక నిజం నా నోటికి మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాల వాళ్ళు ఇలాంటి పన్నెండు మందిని ఎంచుకుని ఇళ్ళల్లో యంత్రాలు పెట్టారు. చూడ్డానికి మామూలు డెస్క్‌టాప్ కంప్యూటరే. బల్ల మీద తెర, బల్ల కింద ఇనప పెట్టె. తేడా అల్లా ఆయన తలకు కట్టే నల్ల పట్టీ. కన్ను చూసిందీ చెవి విన్నదీ ఆ పట్టీ పట్టుకుని, పెట్టెలో ఉన్న మెమరీ కార్డుకు చేరవేస్తుంది. ఆయన గుర్తు తెచ్చుకోబోతే అందులోంచి తలలోకి అందిస్తుంది. మనసులో అనుకున్నది మాత్రం దానికి అందదు. బయటికి వెళ్తే, కార్డులో అప్పటిదాకా చేరింది పట్టీ అందిస్తూనే ఉంటుంది గానీ, కొత్తది సొంతంగా ఆరు గంటలే మోస్తుంది. ఆలోగా ఇంటికొచ్చి పెట్టె ముందు కూర్చోవాలి. లేకపోతే ముందు చూసింది ముందు పోతుంది.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. నా బొటనవేలికి గీతలు లేవు, జీడి రసం తినేసింది. కాగితం మీద నల్లటి మచ్చ పడింది.

"ఇది ముద్రేనా?" అన్నాడు వచ్చినాయన.

"ముప్పయ్యేళ్ళ ముద్ర బాబూ, ఇంతకన్నా బాగా రాదు" అన్నాను.

ఆ మొదటి కార్డు ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. తెల్లారేసరికి నిన్నటిది చెరిగిపోయేది. అదే నాకు వరమైంది. పొద్దున్నే కాఫీ ఇస్తుంటే అడిగేవాడు, "ఝాన్సీ ఎలగుంది?" అని. "పిల్లకి జొరం మావా, తగ్గినాక వత్తాదంట" అనేదాన్ని. రోజంతా ఆ జవాబు ఆయనతో ఉండేది. మర్నాడు మళ్ళీ కాఫీ, మళ్ళీ ప్రశ్న. నాలుగేళ్ళపాటు ఒక్క అబద్ధంతోనే నడిపాను. అల్లుడు త్రినాథ్ కూడా ఫోన్లో అదే చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, సుజాతని. పిల్ల లిప్సాను చూడ్డానికి వస్తానంటే వద్దన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు. పిల్ల ఈ గుమ్మంలోకి వస్తే తల్లి ఏదని ఆయన అడుగుతాడు కదా.

నాలుగో ఏడు వేసవి పోయాక రెహానా గారు ఫోన్ చేశారు. ప్రయోగశాలలో మా యంత్రం చూసే ఇంజినీరు ఆవిడే.

"పుణ్యవతమ్మా, పాత కార్డు అరిగిపోతోంది. నెలకు మించి ఆగదు. పార్సిల్లో కొత్తది పంపుతున్నాను, పక్కన రెండో గాడిలో పెట్టండి. పాతదాంట్లో ఉన్నది కొత్తదాంట్లోకి ఎక్కుతుంది. ఇది ఏడాది పడుతుందమ్మా!"

"ఏడాదంటే?"

"ఏడాదంటే ఏడాదే. నిన్న, మొన్న, పోయిన నెల, అన్నీ ఆయనకి ఉంటాయి." మళ్ళీ ఆవిడే, "సంతోషంగా లేదా అమ్మా?" అన్నారు.

"ఉన్నాది" అన్నాను.

కార్డు పెట్టకపోతే ఆయన మళ్ళీ పావుగంట మనిషి. పెడితే, నిన్న నేను చెప్పింది ఇవాళ గుర్తుంటుంది. పిల్లకి ఇన్నాళ్ళ జ్వరమేమిటని వారం తిరక్కుండా అడుగుతాడు.

కార్డు వచ్చింది. సగం విరిగిన దువ్వెనలా ఉంది. కింద అంచున బంగారు రంగు పళ్ళు. రెహానా గారు ఫోన్లో చెబుతుంటే స్విచ్ తీశాను, మరలు విప్పాను, మూత పక్కకు లాగాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పిక్కల రసం చర్మాన్ని కాల్చేస్తుంది. అది అంటకుండా చేతులకు బూడిద రాసుకుని పని మొదలుపెడతాం. ముప్ఫయ్యేళ్ళ అలవాటు. సున్నితమైన పని ఏదైనా ముందుకొస్తే నా చెయ్యి దానంతటదే పొయ్యి దగ్గరికి పోతుంది. ఆ రోజూ పోయిందట. నాకు తెలియనే లేదు.

కార్డు గాడిలో పెట్టి నొక్కి స్విచ్ వేశాను. తెర నల్లగానే ఉంది. పెట్టె మూడుసార్లు కూసింది.

"ఫ్యాక్టరీ కూత లాగున్నాదే. సిఫ్టు మారినాదేటి? బేగి ఎల్లు, మేస్త్రీ తిడతాడు" అన్నాడు మా ఆయన కుర్చీలోంచి.

"మూడు కూతలంటే మెమరీ తగల్లేదని అర్థం. తీసి మళ్ళీ పెట్టండమ్మా. రెండు పక్కలా క్లిప్పు టక్కుమనాలి" అన్నారు రెహానా గారు.

మళ్ళీ మూడు. పాతదొక్కటే ఉంచితే యంత్రం లేచింది. కొత్తదొక్కటే మొదటి గాడిలో పెడితే మూడు కూతలు. గాడిలో తప్పు లేదు, కార్డుదే తేడా అని తేల్చి, "ఎల్లుండి నేనే వస్తాను" అన్నారు.

వచ్చారు. సన్నటి మనిషి, భుజానికి సంచీ. వస్తూనే యంత్రం ఆపి, మరమ్మతు అయ్యేదాకా పట్టీ ఉండకూడదని ఆయన తల మీంచి తీసి బల్ల మీద పెట్టారు. కార్డు బయటికి తీసి, పిల్లలు పెన్సిలు రాతలు చెరుపుకునే రబ్బరుతో బంగారు పళ్ళను రుద్దారు. రబ్బరు బూడిద రంగుకు తిరిగింది.

"ఇదేంటమ్మా? విభూతి పెట్టారా?"

నా చేతులు చూపించాను. ఆవిడ పకపకా నవ్వారు. "విశాఖలో నలుగురు ఇంజినీర్లం రెండు రోజులు తలలు పట్టుకున్నామమ్మా. ఈ బూడిద మాత్రం ఎవరికీ తట్టలేదు." గాడి కూడా బ్రష్షుతో దులిపి, కార్డు పెట్టి స్విచ్ వేశారు. ఒకే కూత. తెర వెలిగింది. "అన్నం పెట్టండి, తిని వచ్చి పట్టీ కడతాను" అన్నారు.

ఆవిడ వంటింట్లో తింటుండగా నేను గదిలోకి వెళ్ళి యంత్రం ఆపాను. కార్డు లాగాను. రెండు వేళ్ళతో బూడిద తెచ్చి పళ్ళకు రెండు పక్కలా పూసి మళ్ళీ నొక్కాను. మొదటిసారి బూడిద నా చేతులు చేసిన తప్పు. రెండోసారి నేను చేసిన తప్పు.

రెహానా గారు వచ్చి స్విచ్ వేస్తే మూడు కూతలు. పాతది తీశారు, కొత్తది తీశారు, గాడులు మార్చారు. చివరికి కార్డును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"అమ్మా, నేను అన్నం తినేటప్పుడు దీన్ని ఎవరు తీశారు?"

ఆవిడను పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పాను. ఏడుసార్లు చెప్పడం దగ్గర్నుంచి జ్వరం దాకా అంతా చెప్పాను. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడిపోయారు.

"నాలుగేళ్ళుగా మీ ఇంటికి ఫోన్ చేస్తున్నాను. అమ్మాయి ఎలా ఉందని మీ ఆయన్ని అడిగేదాన్ని కూడా" అన్నారు. తర్వాత, "నేను వెళ్ళి కార్డు చెడిపోయిందని రాసేస్తాను. నన్నెవరూ అడగరు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి" అన్నారు.

అప్పుడే మా ఆయన పెరటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఒలే, ఈ అమ్మ ఎవులు? ఎండలో నిలబెట్టినావు. కూకోమని సెప్పు. టీ తాగుతారేటమ్మా?"

"వద్దండీ, ఇప్పుడే భోంచేశాను" అన్నారు రెహానా గారు.

ఆయన లోపలికి వెళ్ళాడు. పావుగంటకు మళ్ళీ వచ్చాడు. "ఈ అమ్మ ఎవులే పున్నీ? ఎండలో నిలబెట్టినావు. టీ తాగుతారేటమ్మా?"

మూడోసారి వచ్చి అదే మర్యాదతో, అవే మాటలతో అడిగేసరికి రెహానా గారు తల తిప్పుకున్నారు. పట్టీ లేని మనిషి ఎలా ఉంటాడో నాలుగేళ్ళలో నేను మరిచిపోయాను. నా నవ్వు కోసం, ఆయన నవ్వు కోసం, మనిషిని ఆ పావుగంటలోకి నెట్టి తలుపు వేయబోయాను.

సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మోచేతుల దాకా కడిగి చీర కొంగుతో ఆరేదాకా తుడుచుకున్నాను. ఆవిడ కార్డు శుభ్రం చేసి నా చేతికిచ్చారు. నొక్కాను. టక్కు, టక్కు. ఒకే కూత.

మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తుంటే ఆయన అడిగాడు. చెప్పేశాను. ఏడుస్తాడని పక్కనే కూర్చున్నాను. ఏడవలేదు.

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళు దాటినాది."

"నాకు సెప్పినావేటి?"

"ఏడుసార్లు సెప్పినాను మావా."

"తరవాత?"

"మానీసినాను."

కాఫీ గచ్చు మీద పారబోశాడు. ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు లేచి నా మొహం చూసి తల తిప్పుకున్నాడు. నాలుగేళ్ళలో ఆయన కోపం మర్నాటికి నిలవడం నేను చూడలేదు. మూడో రోజూ నిలిచింది. పదకొండు రోజులు. కంచం పెడితే తిన్నాడు, పిలిస్తే పలకలేదు. లోపలెక్కడో నాకు సంతోషంగా కూడా ఉండేది, చెబితే నవ్వుతారు. మనిషి తిరిగొచ్చాడు, నా మీద కోపంతో వచ్చాడు.

పన్నెండో రోజు, "గుంట ఎక్కడుంది?" అని మనవరాలి సంగతి అడిగాడు.

త్రినాథ్‌కు ఫోన్ చేశాను. "అత్తా, లిప్సాకి అమ్మంటే సుజాతే. ఇంకా ఏటీ సెప్పలేదు. బడిలో ఏసినాం. ఇప్పుడు మీరొచ్చి తాతా అమ్మమ్మా అంటే ఆ గుంటకి ఏటి సెప్పమంటావు?" అన్నాడు. బతిమాలాను. చివరికి మూడు షరతులు పెట్టాడు. ఎవరమో చెప్పకూడదు. ఫొటో తీయకూడదు. గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

ఉదయం బండికి వెళ్ళాం. బరంపురంలో వాళ్ళ వీధి చేరేసరికి పదిన్నర. పట్టీ లెక్కన సాయంత్రం నాలుగున్నర దాకా వ్యవధి ఉంది. నేను వసారా మెట్టు దగ్గరే ఆయన వెనక ఆగిపోయాను. ఆయన వెళ్ళి తలుపు తట్టాడు. పిల్ల తీసింది. గడ్డం మా ఝాన్సీదే.

"ఎవరు?" అంది.

దారిలో ఏమనాలో మేం అనుకోలేదు. ఆయన కళ్ళు పక్క గోడ మీదికి తిప్పి, "కరెంటు మీటరు సూడ్డానికొచ్చినాను తల్లీ" అన్నాడు.

పదకొండు రోజులు నా మీద కోపంతో ఉన్న మనిషి అన్న మాట అది.

వసారాలో గోడకున్న మీటరు ముందు నిలబడి అంకెలు పైకి చదివాడు. పిల్ల పక్కన నిలబడి ఒక్కొక్క అంకె తిరిగి పలికింది. నాలుగు, సున్నా, ఏడు, ఏడు. "తలకి దెబ్బ తగిలిందా?" అని పట్టీ చూపించింది. "తగిలినాది. తగ్గిపోనాది" అన్నాడు. లోపల్నుంచి సుజాత కేకేస్తే, పిల్ల వెళ్ళి రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్ళు తెచ్చింది. ఆయన మెల్లగా, చాలా మెల్లగా తాగాడు. గ్లాసు తిరిగి ఇచ్చి వచ్చేశాడు.

పన్నెండింటి బండి ఎక్కాం. ఇచ్ఛాపురం దాటాక ఆగిపోయింది. ముందు గూడ్సు బండి చెడిపోయిందన్నారు. ఒంటిగంట అయింది. రెండయింది. రెండు పక్కలా వాన నీటితో నిండిన పొలాలు. దిగి నడుద్దామంటే రోడ్డు కనుచూపు మేరలో లేదు.

"మావా, సూసింది పైకి సెప్పు. నీ నోటితోటి సెప్పితే ఆ మాటైనా పట్టీకి ఇనపడతాది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"పోనీ రాసుకో. పెన్ను ఎవర్నైనా అడుగుతాను."

"నా మనవరాలి ముందు కరెంటోడిలాగ నిలబడినాను. ఆ మాట నా నోటితో సెప్పి, నా సేత్తో రాయమంటావేటి? బండి కదుల్తాదిలే."

మూడున్నరయింది. బండి కదల్లేదు. ఆయన తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. నిద్ర కాదని నాకు తెలుసు. ఇంక ఆగలేక నేనే చెప్పడం మొదలుపెట్టాను. చెవి దగ్గర నోరు పెట్టి, తలుపు తట్టడం దగ్గర్నుంచి నీళ్ళు తాగడం దాకా, నాలుగు సున్నా ఏడు ఏడు దాకా, మొదలుపెట్టిన చోటికే వచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఎదురు సీటు వాళ్ళు నాకు మతి చలించిందనుకుని ఉంటారు.

నాలుగున్నర దాటింది. ఆయన తువ్వాలు తీసి నన్ను చూశాడు.

"సూసినామా పున్నీ? నువ్వు సెప్పిందేనా?"

"సూసినాం మావా. నువ్వే సూసినావు."

"నిజమేనా?"

టికెట్లు చూపించాను. "ఎల్నామని తెలుసు. సూసినామా అనే అడుగుతున్నాను" అన్నాడు. త్రినాథ్‌కు ఫోన్ చేసి అడగమన్నాను. "ఆడు నాలుగేళ్ళు నీతోటి కూడినోడే గదా" అన్నాడు. కోపంతో అనలేదు. మామూలుగానే అన్నాడు.

పట్టీలో మిగిలింది ఆయన చూసింది కాదు, నేను చెప్పింది. మళ్ళీ ఒకసారి వెళ్దామంటే త్రినాథ్ ఒప్పుకోలేదు. మీటరు తాత ఎందుకు ఏడ్చాడని పిల్ల రెండు రోజులు అడిగిందట. వెనక నిలబడ్డ నాకు ఆ ఏడుపు కనపడనే లేదు.

ఆ తర్వాత ఆయన మూడు నెలలు బతికాడు. రోజూ ఒకసారి, "ఆ గుంట సంగతి సెప్పు" అనేవాడు. గుర్తులేక కాదు, కార్డులో అన్నీ ఉన్నాయి. నిన్న చెప్పిందీ ఇవాళ చెప్పిందీ ఒకటేనా అని చూసుకునేవాడు. నేను ఒక్క మాట అటూ ఇటూ కానివ్వకుండా చెప్పేదాన్ని. విని తలూపేవాడు. నమ్మి ఊపాడో, అలిసిపోయి ఊపాడో నాకు తెలియలేదు. కార్తీకమాసంలో గుండె ఆగి పోయాడు. పట్టీ, పెట్టె, రెండు కార్డులూ రెహానా గారు పట్టుకెళ్ళారు.

మరుసటి ఏడు కాశీబుగ్గలో పెద్దవాళ్ళ బడిలో చేరాను. అచ్చులయ్యాయి. హల్లుల్లో తొమ్మిదో అక్షరం ఝ దిద్దుతుంటే చెయ్యి ఆగిపోయింది. అన్ని వంపులున్న అక్షరం అది. దీన్ని ఎక్కువగా వాడం, పెద్దగా పట్టించుకోవద్దన్నారు పంతులమ్మ. కానీ ఆ వంపులు నేను అంతకు ముందే చూశాను. బరంపురంలో, ఆ పిల్ల రెండు చేతుల మధ్య, స్టీలు గ్లాసు అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరులో మొదటి అక్షరం అదే. అది మేం సారెలో పెట్టిన గ్లాసు. సామానంతటికీ పేరు కొట్టించింది ఆయనే. నాకు అప్పుడు అన్ని గ్లాసుల మీదా గీతలే. అందుకే బండిలో గ్లాసన్నాను గానీ గ్లాసు మీద రాతుందని చెప్పలేదు.

ఆయనకు చదువొచ్చు. అందుకే అంత మెల్లగా తాగాడు. పిల్లకు ఇంకా ఎవరూ చెప్పని పేరు ఆయన చేతిలో ఉంది. చదువుకున్నాడు, తిరిగి పిల్ల చేతికే ఇచ్చాడు. సాయంత్రానికి పోగొట్టుకున్నాడు. గ్లాసు మీద వంపులు తిరిగిన రాత ఉందన్న ఆ ఒక్క మాట నేను బండిలో చెప్పగలిగి ఉంటే నిజమేనా అని అడిగేవాడు కాదు. అక్షరం రాని నేను దాన్ని కల్పించలేనని ఆయనకు తెలుసు.

కొంచాడ పుణ్యవతి,
అరవై ఒకటో ఏడు,
ప్రస్తుతం ఉండేది బరంపురంలో, లిప్సా చదివే బడి వెనక వీధి.